ఫాక్స్ హంట్ కీయర్: చిప్ కంటే ముందు గడియారం తేల్చుకోండి

ఫాక్స్ హంట్ అంటే దాచిన రేడియో ట్రాన్స్‌మిటర్లను సిగ్నల్ దిశ పట్టుకుని వెతికే ఆట. ఆ ట్రాన్స్‌మిటర్‌ని వేళకు ఆన్ చేసి మోర్స్ పలికించే చిన్న సర్క్యూట్ కీయర్. దాన్ని సొంతంగా చేద్దామనుకునే హ్యామ్‌లు, అంటే ఔత్సాహిక రేడియోవాళ్లు, ముందుగా అడిగేది "ఆర్డుయినో పెట్టాలా, ఏటీటైనీతో సరిపోతుందా?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. చేయబోయేది ఒక్క పెట్టా, ఐదు పెట్టెలా? ఐదయితే అవి ఒకదాని టైమ్‌తో ఒకటి ఎంతసేపు కలిసి ఉండాలి? ఇది తేలితే చిప్ ఎంపిక దాదాపు దానంతటదే తేలిపోతుంది.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. అంతర్జాతీయ పద్ధతిలో అడవిలో ఐదు ట్రాన్స్‌మిటర్లు దాస్తారు, వాటినే ఫాక్స్‌లు అంటారు. ఐదూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒక్కొక్కటి ఒక్కో నిమిషం చొప్పున వంతులవారీగా పలుకుతాయి. ఐదు నిమిషాలకు ఒక చక్రం పూర్తయి మళ్లీ మొదటిదాని వంతు వస్తుంది. మొదటి ఫాక్స్ మోర్స్‌లో ఎంఓఈ అంటుంది, తర్వాతివి వరసగా ఎంఓఐ, ఎంఓఎస్, ఎంఓహెచ్, ఎంఓ5. మోర్స్ రాకపోయినా ఇబ్బంది లేదు. "డా డా, డా డా డా" అనే పొడవు శబ్దాల తర్వాత ఎన్ని డిట్‌లు (పొట్టి శబ్దాలు) వినిపిస్తే అది అన్నో నంబరు ఫాక్స్. ఫినిష్ దగ్గర వేరే ఫ్రీక్వెన్సీ మీద ఎంఓ అని ఆగకుండా పలికే బీకన్ ఇంకొకటి ఉంటుంది. 1980లో పోలండ్‌లోని సెత్నియెవోలో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. ఈ ఐదు నిమిషాల చక్రం ఈనాటికీ క్లాసిక్ పోటీకి ఆధారం.

కీయర్ పనల్లా ఇదే: తన నిమిషం రాగానే ట్రాన్స్‌మిటర్‌ని ఆన్ చేయాలి, తన గుర్తు పలకాలి, నిమిషం ముగిసేలోపు కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు) పంపి నోరు మూసుకోవాలి. మోర్స్ పలకడం కష్టమేం కాదు. నిమిషానికి పది పదాల వేగంలో ఒక డిట్ 120 మిల్లీసెకన్లు. తర్వాతి ఖాళీతో కలిపి ఎంఓఈ మొత్తం 32 డిట్‌ల పొడవు, అంటే నాలుగు సెకన్ల లోపే. పదేళ్లనాటి అతి చవక చిప్ కూడా ఈ పని చేస్తుంది. కష్టమల్లా నోరు మూసుకోవాల్సిన క్షణం దగ్గరే.

రెండు ఫాక్స్‌లు ఒకేసారి పలికితే ఏమవుతుంది? టూ మీటర్ల బ్యాండ్‌లో ఎఫ్ఎం హ్యాండీలు (చేతి వాకీటాకీలు) వాడుతుంటే బలంగా వచ్చే సిగ్నల్ రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. మూడో ఫాక్స్ వైపు వెళుతున్న ఆటగాడికి దగ్గర్లో ఉన్న రెండోదే వినిపిస్తుంది. యాంటెన్నా తిప్పి చూస్తే దిశ కూడా దానిదే వస్తుంది. తప్పు దారి పట్టానన్న అనుమానం కూడా రాదు. ఎయిటీ మీటర్ల సీడబ్ల్యూలో (రేడియో తరంగాన్నే మోర్స్‌గా ఆపి వదిలే పద్ధతిలో) అయితే రెండూ కలిసి ఎన్ని డిట్‌లో లెక్క తేలదు. అతివ్యాప్తి ఒకటి రెండు సెకన్లయితే ఎవరూ పట్టించుకోరు. పది సెకన్లు దాటితే ఆట నడిపేవాడికి టెన్షన్ మొదలవుతుంది.

గడియారాల సంగతి

చిప్ లోపల ఉండే ఆర్‌సీ ఆసిలేటర్‌తో (రెసిస్టర్, కెపాసిటర్ మీద నడిచే గడియారంతో) మొదలుపెడదాం. ఏటీటైనీ85 ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దాని లోపలి గడియారంలో తేడా పది శాతం దాకా ఉండవచ్చని డేటాషీటే చెబుతుంది. అంటే గంటకు ఆరు నిమిషాలు. వంతే తప్పిపోతుంది. చేత్తో క్యాలిబ్రేట్ చేసుకుంటే ఒక శాతానికి దిగుతుంది, అది కూడా అదే వోల్టేజీ, అదే ఉష్ణోగ్రత దగ్గర మాత్రమే. ఒక శాతమన్నా గంటకు 36 సెకన్లు. రెండు పెట్టెలు ఎదురెదురు దిశల్లో తప్పితే నిమిషం పైచిలుకు. ఐదు ఫాక్స్‌ల ఆటకు ఇది పనికిరాదు. ఒక్క ఫాక్స్ ఆటకు, లేదా ఫాక్సోరింగ్‌లో (మ్యాప్ చూసి దగ్గరికెళ్తేనే వినిపించే బలహీన ట్రాన్స్‌మిటర్లను వెతికే ఆటలో) లాగా ఆగకుండా పలికే చిన్న బీకన్లకు నిక్షేపంలా సరిపోతుంది. అక్కడ వంతుల గొడవే లేదు కదా.

తర్వాతిది సిరామిక్ రెజొనేటర్. చాలామందికి తెలియని తిరకాసు ఇక్కడుంది. ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు మీద మెరిసే లోహపు డబ్బా చూసి "క్రిస్టల్ ఉందిలే" అనుకుంటారు. ఆ క్రిస్టల్ యూఎస్‌బీ చిప్‌ది. మన ప్రోగ్రామ్ నడిచే ఏటీమెగా328పి పక్కన ఉండేది చిన్న రెజొనేటర్. దాని తేడా అర శాతం దాకా ఉండవచ్చు, అంటే గంటకు 18 సెకన్లు. మూడు గంటల ఆటలో అది దాదాపు నిమిషానికి చేరుతుంది. ఆర్డుయినో నానో క్లోన్లలో కొన్నిటికి క్రిస్టల్ ఉంటుంది, కొన్నిటికి రెజొనేటర్. కొనేముందు భూతద్దం పెట్టి చూడండి. ఒకే దుకాణంలో ఒకే సంచీలోంచి తీసిన ఐదు బోర్డులు ఐదు రకాలుగా ఉండటం కూడా మామూలే.

అసలు క్వార్ట్జ్ క్రిస్టల్ ఉంటే కథ మారుతుంది. తేడా 50 పీపీఎం (పది లక్షల్లో యాభై వంతులు) అనుకున్నా గంటకు 0.18 సెకన్లే. రెండు బోర్డులు ఎదురెదురుగా తప్పినా మూడు గంటలకు సెకను పైన కొంచెం. ఆట ముందు ఐదు పెట్టెల్నీ పక్కపక్కన పెట్టి ఒకేసారి మొదలుపెట్టి, అక్కడి నుంచి ఆపకుండా తీసుకెళ్లి దాస్తే ఇది చాలు. నిజానికి చాలా క్లబ్బులకు ఇంతకుమించి అక్కర్లేదు. చిక్కల్లా ఆపకూడదన్న షరతుతోనే. దారిలో బ్యాటరీ వైరు ఒక్కసారి కదిలినా ఆ పెట్టె లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అప్పటికి మీరు అడవిలో ఉంటారు, మిగతా నాలుగూ ఎక్కడో ఉంటాయి.

ఆర్‌టీసీ మాడ్యూల్ (బటన్ సెల్ మీద తానుగా టైమ్ చూసుకునే గడియారం) కావాల్సి వచ్చేది ఇందుకే. మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి రెండు: డీఎస్1307, డీఎస్3231. మొదటిది కొంచెం చవక. అయినా వద్దు అంటాను, కారణం మన ఎండలు. డీఎస్1307 పక్కన ఉండే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడుస్తుంది. అక్కడి నుంచి వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది, అదీ ఉష్ణోగ్రత తేడా వర్గంతో పాటు పెరుగుతూ. మే నెల ఎండలో నల్ల ప్లాస్టిక్ డబ్బా లోపల 60 డిగ్రీలు ఉందనుకుందాం. నలభై పీపీఎం పైగా వెనకబడుతుంది. ఐదూ ఒకేలా వెనకబడితే ఇబ్బంది ఉండదు. కానీ ఒకటి బండ మీద ఎండలో, ఇంకొకటి మర్రి కింద నీడలో ఉంటాయి. రోజంతా అలా ఉంటే వాటి మధ్య మూడు సెకన్లకు పైగా ఎడం వస్తుంది. మూడు గంటల ఆటకు ఇది లెక్కలోది కాకపోవచ్చు. ముందురోజు సాయంత్రమే టైమ్ పెట్టేసి పొద్దున్నే దాచే అలవాటుంటే మాత్రం లెక్కలోదే.

డీఎస్3231 తన ఉష్ణోగ్రత తానే చూసుకుంటూ ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది. సున్నా నుంచి నలభై డిగ్రీల మధ్య తేడా 2 పీపీఎం, అంటే రోజుకు 0.17 సెకను. అంతకుమించి వేడెక్కినా 3.5 దాటదని డేటాషీట్ హామీ. వారం క్రితం పెట్టిన టైమ్‌తో ఆట నడపొచ్చు. చిప్ మీద చివర ఎం అక్షరం ఉన్న రకం వస్తే దాని తేడా 5 పీపీఎం. మన అవసరానికి అదీ బంగారమే.

ఈ మాడ్యూల్‌తో రెండు జాగ్రత్తలు. నీలం రంగు చవక బోర్డులో బటన్ సెల్‌ని ఛార్జ్ చేసే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది రీఛార్జబుల్ ఎల్ఐఆర్2032 సెల్ కోసం పెట్టింది. మనం అందులో మామూలు సీఆర్2032 వేస్తాం. ఐదు వోల్టుల మీద నడిపితే ఛార్జ్ కాకూడని సెల్ ఛార్జ్ అవుతూ ఉబ్బుతుంది. డయోడ్ పక్కనున్న చిన్న రెసిస్టర్‌ని సోల్డరింగ్ ఐరన్‌తో పీకేస్తే సరి. రెండోది, ఎస్‌క్యూడబ్ల్యూ పిన్ నుంచి సెకనుకో టిక్ తీసుకోవాలంటే కంట్రోల్ రిజిస్టర్‌లో దాన్ని ఆన్ చేయాలి, పుల్అప్ (పిన్‌ని సప్లై వైపు లాగి ఉంచే రెసిస్టర్) కూడా ఉండాలి. పవర్ ఇచ్చిన వెంటనే దానంతటదే టిక్ రాదు.

మరి జీపీఎస్? ఐదు పెట్టెల్లో ఐదు జీపీఎస్ మాడ్యూళ్లు పెట్టడం అట్టహాసమే తప్ప పెద్ద ఉపయోగం లేదు. దాని పల్స్ సెకనులో కోట్లవ వంతు దాకా కచ్చితం, మనకు కావాల్సింది అర సెకను. పైగా అది ఆకాశం అడుగుతుంది, మనమేమో పొదలో దాస్తాం. పదుల మిల్లీఆంపులు కూడా తింటుంది. ఒక్క జీపీఎస్ మాత్రం ఇంట్లో ఉంచుకోవచ్చు, ఐదు డీఎస్3231లకు టైమ్ పెట్టడానికి. ఆ చిప్‌లో సెకన్ల రిజిస్టర్ రాసిన క్షణం నుంచే కొత్త సెకను లెక్క మొదలవుతుంది. కాబట్టి ఐదు బోర్డులకూ ఒకే బటన్ వైరు కలిపి ఒక్కసారి నొక్కినా ఐదూ కలిసి మొదలవుతాయి, జీపీఎస్ అవసరమే రాదు. అన్నట్టు, టైమ్ యూటీసీలో పెట్టాలా ఐఎస్‌టీలోనా అన్న వాదన ఇక్కడ అనవసరం. రెండింటికీ ఎడం ఐదున్నర గంటలు, దాన్ని ఐదు నిమిషాల చక్రాలుగా సరిగ్గా భాగించవచ్చు. ఎలా పెట్టినా మొదటి ఫాక్స్ గంట కొట్టగానే పలుకుతుంది.

ఇప్పుడు చిప్

డీఎస్3231 పెట్టాలని ఒకసారి అనుకున్నాక చిప్ సొంత గడియారం ఎంత పాడుదైనా ఫర్వాలేదు. డిట్ 120 బదులు 122 మిల్లీసెకన్లు వచ్చిందని ఏ చెవీ గుర్తుపట్టదు. నిమిషం లెక్క మాత్రం ఆర్‌టీసీ చూసుకుంటుంది. ఇక చిప్‌ని ఎంచుకునేది పిన్నుల లెక్క, రాయడంలో తేలిక, చేతిలో ఏముందన్న దాన్ని బట్టే.

ఏటీటైనీ85కి ఎనిమిది కాళ్లు, వాటిలో వాడుకోదగ్గవి ఐదు. రెండు కాళ్లు ఆర్‌టీసీకి పోతాయి. ఒకటి టోన్‌కి, ఒకటి పీటీటీకి (రేడియోని ట్రాన్స్‌మిట్‌లో పెట్టే స్విచ్‌కి). మిగిలిన ఒక్కదానితో ఫాక్స్ నంబరు ఎంచుకోవాలి. ఆ కాలు అనలాగ్ వోల్టేజీ చదవగలదు కాబట్టి రోటరీ స్విచ్‌కి రెసిస్టర్ల వరస కట్టి, వచ్చే వోల్టేజీని బట్టి ఒకటో ఐదో తెలుసుకోవచ్చు. ఐదు కాళ్లూ సరిగ్గా సరిపోయాయి, ఒక్కటీ మిగల్లేదు. ఇలాంటివి నచ్చేవాళ్లకు ఇది ముచ్చటైన డిజైన్. స్టేటస్ ఎల్ఈడీ పెట్టాలనుకున్నా, ఇంకో బటన్ కావాలనుకున్నా మాత్రం దారి లేదు. ప్రోగ్రామ్ మార్చాలంటే చిప్ పీకి ప్రోగ్రామర్‌లో పెట్టాలి. ఆట రోజు పొద్దున కాల్‌సైన్ మార్చాల్సి వస్తే ఎలాగో ఆలోచించుకోండి.

అదే చిప్‌తో యూఎస్‌బీ ప్లగ్ ఉన్న డిజిస్పార్క్ బోర్డు వస్తుంది కదా అంటారు. దానికో పేచీ ఉంది. యూఎస్‌బీ కోసం పీబీ3 కాలికి 1.5 కిలో ఓమ్‌ల పుల్అప్ ఉంటుంది. మీరు పీటీటీ ట్రాన్సిస్టర్ ఆ కాలికి కడితే, పవర్ ఇవ్వగానే కోడ్ మొదలవకముందే రేడియో ట్రాన్స్‌మిట్‌లోకి వెళుతుంది. బూట్‌లోడర్ (కొత్త ప్రోగ్రామ్ ఎక్కించే చిన్న కోడ్) యూఎస్‌బీ కోసం ఎదురుచూసే ఐదారు సెకన్లూ అలాగే ఉంటుంది. పీటీటీని వేరే కాలికి మార్చుకోండి.

నానోలోనూ ఇలాంటిదే ఒకటుంది. బూట్ అయ్యేటప్పుడు డీ13 మీద ఉన్న ఎల్ఈడీ టకటకా వెలుగుతుంది. పీటీటీ అక్కడ కడితే రేడియో కూడా టకటకా కీ అవుతుంది. డీ13 వదిలేయండి. ఏ బోర్డయినా సరే, పీటీటీ ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండ్‌కి పది కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వేయండి. చిప్ రీసెట్‌లో ఉండి పిన్ గాలిలో తేలుతున్నప్పుడు రేడియోని మూసి ఉంచేది అదే.

ఇవి పక్కన పెడితే ఐదు పెట్టెల క్లబ్ సెట్‌కి నేను ఎంచుకునేది నానోనే. కోడ్‌కి 32 కిలోబైట్లు, కాల్‌సైన్, వేగం వంటివి రాసి పెట్టుకోవడానికి పవర్ పోయినా చెరగని ఒక కిలోబైటు ఈప్రామ్, పిన్నులు కావాల్సినన్ని. యూఎస్‌బీ కేబుల్ ఉంటే చెట్టు కింద కూర్చుని కూడా మార్చుకోవచ్చు. ఇంకో లాభం కూడా చెప్పాలి. ఐదు పెట్టెల్లో ఒకటి పాడైతే హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి అరగంటలో ఇంకొకటి తెచ్చుకోవచ్చు. క్లబ్‌లో మీ తర్వాత బాధ్యత తీసుకునే కుర్రాడికి కూడా ఇది ముందే తెలిసి ఉంటుంది. కాలేజీ ప్రాజెక్టుల్లో అందరూ తిప్పినదే.

రాస్ప్‌బెర్రీ పై పికో మీద నాకు చిన్నచూపేం లేదు. మైక్రోపైథాన్‌లో రాస్తే కోడ్ చదవడానికి హాయిగా ఉంటుంది, సెట్టింగ్స్ ఫైలు కూడా నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకున్నట్టే. బోర్డు మీద ఉన్నది అసలైన 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. కాబట్టి ఆపకుండా నడిపే పద్ధతిలో ఆర్‌టీసీ లేకుండానే ఆట గడిచిపోతుంది. పిన్నుల మీద వచ్చేది 3.3 వోల్టులు, ట్రాన్సిస్టర్‌ని నడపడానికి అది చాలు. ఎయిటీ మీటర్లలో ఎస్ఐ5351 క్లాక్ జనరేటర్ చిప్‌తో ఫ్రీక్వెన్సీ కూడా మీరే పుట్టించాలనుకుంటే, దానికో చిన్న డిస్‌ప్లే పెట్టాలనుకుంటే పికో దగ్గర చోటు చాలా ఉంటుంది. ఉత్త కీయర్‌కే అయితే పెద్ద ఇల్లు కట్టి ఒక గదిలో ఉన్నట్టు.

వైఫై ఉన్న ఈఎస్పీ32 వైపు చాలామందికి మనసు లాగుతుంది. ఫోన్‌లో వెబ్ పేజీ తెరిచి ఫాక్స్ నంబరు, మొదలయ్యే టైమ్ పెట్టుకోవచ్చు. ఇంట్లో వైఫై మీద నెట్ నుంచి టైమ్ కూడా తెచ్చుకుంటుంది. ఆకర్షణ నిజమే. కానీ వైఫై పలికినప్పుడల్లా కరెంటు వందల మిల్లీఆంపులకు ఎగురుతుంది, సెల్స్ కాస్త నీరసించి ఉంటే బోర్డు రీసెట్ అవుతుంది. పొదుపు కోసం డీప్ స్లీప్‌లో పెడితే అప్పుడు టైమ్ లెక్కపెట్టేది లోపలి 150 కిలోహెర్ట్జ్ ఆర్‌సీ ఆసిలేటర్. అది వేడికి ఇష్టమొచ్చినట్టు మారుతుంది. "రెండు గంటల తర్వాత లేపు" అంటే ఎప్పుడు లేస్తుందో నమ్మలేం. దీనికీ చివరికి డీఎస్3231 తగిలించాల్సిందే. వాడదలుచుకుంటే సెటప్ అయ్యాక వైఫై పూర్తిగా ఆపేసేలా కోడ్ రాయండి.

పిక్ చిప్‌ల విషయం క్లుప్తంగా. 16ఎఫ్628ఏ, 12ఎఫ్683తో చేసిన కీయర్లు పాత హ్యామ్‌ల దగ్గర ఇంకా చక్కగా పనిచేస్తున్నాయి. ప్రోగ్రామర్ మీ అల్మారాలో ఉండి, అసెంబ్లీ చేతికి అలవాటై ఉంటే దాన్ని వదిలి ఆర్డుయినోకి రావాల్సిన పనే లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం అటు వెళ్లకండి.

బళ్లో పిల్లలకు ఆట చూపించాలంటే మోర్స్ బదులు మాటే పలికించవచ్చు. నానోకి డీఎఫ్‌ప్లేయర్ మినీ తగిలించి "నేను రెండో నక్కని, నన్ను పట్టుకోండి" అని రికార్డ్ చేసిన ఎంపీ3ని తిప్పితే పిల్లలు పరుగో పరుగు. కాల్‌సైన్ కూడా అందులోనే చెప్పించండి.

హ్యాండీకి కలిపే పద్ధతి

టూ మీటర్లలో ఆడేవాళ్లు చాలామంది చవక చైనా హ్యాండీలనే ఫాక్స్‌లుగా వాడతారు. ఇక్కడ కీయర్ రెండు పనులు చేయాలి: పీటీటీ నొక్కి పట్టుకోవాలి, మైక్‌లోకి టోన్ పంపాలి. క్యారియర్ (ఉత్త రేడియో తరంగం) నిమిషమంతా ఉంటుంది, డిట్ డా అన్నది టోన్‌లోనే. ప్రతి డిట్‌కీ పీటీటీ వేసి తీసే పద్ధతి హ్యాండీకి పెట్టకండి. అది ఆన్ అవడానికి తీసుకునే సమయంలోనే సగం డిట్ పోతుంది.

వాక్స్‌తో (శబ్దం రాగానే దానంతటదే ట్రాన్స్‌మిట్ అయ్యే పద్ధతితో) నడిపిస్తే పీటీటీ వైరే అక్కర్లేదు కదా అనే ఆలోచన వస్తుంది. వద్దు. వాక్స్ మొదటి "డా"ని కొరికేస్తుంది, అక్షరాల మధ్య ఖాళీలో పడిపోవచ్చు కూడా.

పీటీటీ స్విచ్‌కి మూడు దారులున్నాయి. బీసీ547 ట్రాన్సిస్టర్ చవక, చిన్నది, చాలావరకు అదే సరిపోతుంది. రీడ్ రిలే టకటకమంటూ నమ్మకంగా పనిచేస్తుంది గానీ కరెంటు తింటుంది, మెకానికల్ వస్తువు కాబట్టి అరుగుతుంది. మధ్యలో పీసీ817 ఆప్టోకప్లర్ (వైరు కలపకుండా వెలుగుతో సిగ్నల్ దాటించే చిప్). నా ఓటు దీనికే. రేడియోకి, కీయర్‌కి వేర్వేరు బ్యాటరీలున్నప్పుడు గ్రౌండ్ గొడవ తప్పిస్తుంది. ఆడియో వైపు కూడా విడదీయాలంటే చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి వేయాలి. అది లేకుండా పీటీటీ ఒక్కదాన్నే ఆప్టోతో విడదీసి ఆడియో గ్రౌండ్ కలిపేస్తే విడదీసినట్టే కాదు. అప్పుడు బీసీ547 వేసినా ఒకటే.

రెండు పిన్నుల జాక్ ఉన్న హ్యాండీల్లో గ్రౌండ్ ఎక్కడ, పీటీటీ ఎక్కడ అన్నది మామూలు హెడ్‌ఫోన్ జాక్ లెక్కలో ఉండదు. పీటీటీ గీత ఒక ప్లగ్‌లో, గ్రౌండ్ రెండో ప్లగ్‌లో ఉంటాయి. హ్యాండీతో వచ్చిన ఇయర్‌పీస్‌ని తీసుకుని, బటన్ నొక్కుతూ మల్టీమీటర్‌తో ఏ రెండు చోట్ల కంటిన్యుటీ వస్తోందో చూసి రాసుకోండి. ఆ ఇయర్‌పీస్‌నే కత్తిరించి ప్లగ్ వాడుకోవడం ఇంకా తేలిక.

చిప్ నుంచి వచ్చే ఐదు వోల్టుల చదరపు తరంగాన్ని నేరుగా మైక్‌లోకి పంపితే చెవులు పగిలే వక్రీకరణ వస్తుంది, పక్క ఛానళ్ల మీదకు కూడా పొర్లుతుంది. మైక్‌కి కావాల్సింది మిల్లీవోల్టులు. వంద కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని కింద ఒక కిలో ఓమ్ ప్రీసెట్ (తిప్పి సర్దుకునే రెసిస్టర్) వేస్తే ఐదు వోల్టులు యాభై మిల్లీవోల్టుల లోపుకి దిగుతాయి. ముందు ఒక ఆర్‌సీ ఫిల్టర్, చివర డీసీని ఆపే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. ప్రీసెట్‌ని సున్నా నుంచి తిప్పుతూ ఇంకో హ్యాండీలో వినండి. టోన్ బలం పెరగడం ఆగిన చోట నుంచి కొంచెం వెనక్కి తిప్పి ఆపండి.

హ్యాండీ మెనూలో టీఓటీ అనే టైమ్‌అవుట్ ఉంటుంది. అది అరవై సెకన్ల దగ్గరుంటే మీ నిమిషం చివర్లో, సరిగ్గా కాల్‌సైన్ పోతున్నప్పుడు రేడియో దానంతటదే మూసేస్తుంది. దాన్ని పైకి పెంచండి, లేదా కీయర్‌నే 58 సెకన్లకు ఆపేలా రాయండి. నేనైతే రెండూ చేస్తాను. ఆ ఖాళీ సెకన్లు గడియారాల తేడాని కూడా కాస్తాయి. పవర్ తక్కువ ("లో") సెట్టింగ్ మీదే ఉంచండి. ఐదు నిమిషాల్లో నిమిషం చొప్పున గంటల తరబడి హై పవర్ మీద పలికితే మూసిన డబ్బాలో హ్యాండీ సెగలు కక్కుతుంది.

అంతర్జాతీయ పోటీల టూ మీటర్ల ట్రాన్స్‌మిటర్లు ఎఫ్ఎం కాదు, ఏఎం. యాంటెన్నా కూడా అడ్డంగా ఉంటుంది. ఆ స్థాయికి సాధన చేసేవాళ్లకు హ్యాండీ ఫాక్స్ చాలదు. క్లబ్ ఆదివారం ఆటకు భేషుగ్గా చాలు.

ఎయిటీ మీటర్లయితే

ఇక్కడ కీయర్ పని ఇంకా తేలిక, టోన్ లేదు, మైక్ లేదు. క్యారియర్‌నే కోయాలి. మన దేశంలో ఈ బ్యాండ్ 3.5 నుంచి 3.7 మెగాహెర్ట్జ్ వరకు ఉంది కాబట్టి పాత ఎన్‌టీఎస్‌సీ కలర్ టీవీల 3.579545 క్రిస్టల్ సరిగ్గా లోపలే పడుతుంది. చవకగా దొరికే ఆ క్రిస్టల్‌తో ఒక ట్రాన్సిస్టర్ ఆసిలేటర్, దానికో ఏటీటైనీ కలిపితే ఫాక్సోరింగ్ బీకన్ తయారు. అలాంటి ఆటకు పదుల మిల్లీవాట్లు కూడా ఎక్కువే. ఎస్ఐ5351 నేరుగా ఇచ్చే పది మిల్లీవాట్లతోనూ ఇదే పని జరుగుతుంది, చివర లో పాస్ ఫిల్టర్ మాత్రం మర్చిపోవద్దు. అది పుట్టించేదీ చదరపు తరంగమే.

మూడు నాలుగు వాట్ల క్లాసిక్ ఫాక్స్‌కి మాత్రం కీయింగ్ మెత్తగా ఉండాలి. పీ ఛానల్ మాస్‌ఫెట్‌తో డ్రైవర్ స్టేజీకి వెళ్లే సప్లైని కోసి, గేట్ దగ్గర చిన్న కెపాసిటర్‌తో లేచే, పడే వేగాన్ని ఐదు మిల్లీసెకన్లకు నెమ్మదింపజేయండి. రిలేతో టక్కున కోస్తే క్లిక్‌లు బ్యాండ్ అంతా వినిపిస్తాయి. ఆసిలేటర్‌ని కోయకండి, దాన్ని నిమిషమంతా నడవనివ్వండి. కోస్తే ప్రతి డిట్‌లోనూ పిట్ట కూసినట్టు ఫ్రీక్వెన్సీ జారుతుంది.

స్ప్రింట్ ఆట కూడా ఉందని మర్చిపోకండి. అందులో వంతు నిమిషం కాదు, 12 సెకన్లే. చక్రం మొత్తం ఒక్క నిమిషం. రెండు సెకన్ల తేడా అక్కడ ఆరో వంతు తినేస్తుంది. స్ప్రింట్ ఆడాలనుకుంటే పైన చెప్పిన "ఆపకుండా తీసుకెళ్లే క్రిస్టల్" పద్ధతి పక్కన పెట్టి నేరుగా డీఎస్3231కి వెళ్లండి. కోడ్‌లో వంతు పొడవుని అంకెగా రాసేయకుండా సెట్టింగ్‌గా ఉంచితే అదే పెట్టె రెండు ఆటలకూ వస్తుంది.

బ్యాటరీ, డబ్బా

పవర్ బ్యాంక్ మీద నడుపుదామనుకునేవాళ్లకు ఒక మాట. చాలా పవర్ బ్యాంకులు కరెంటు తక్కువ లాగితే "ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది" అనుకుని ఆగిపోతాయి. నాలుగు నిమిషాలు మౌనంగా కూర్చునే కీయర్ సరిగ్గా అలాంటి లోడే. మూడు 18650 లిథియం సెల్స్, లేదా యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ పెట్టుకుంటే ఆ గోలే ఉండదు.

ఐదు వాట్ల యాంటెన్నా పక్కన పెట్టిన చిప్ కీ వేయగానే హ్యాంగ్ అవడం ఈ పనిలో మామూలు రోగం. బల్ల మీద డమ్మీ లోడ్‌తో (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్‌తో) బాగానే ఉంటుంది, అడవిలో యాంటెన్నా పెట్టగానే మొదటి "డా" మధ్యలో ఆగిపోతుంది. వైర్లు పొట్టిగా ఉంచి, డబ్బాలోకి వచ్చే ప్రతి వైరుకీ ఫెర్రైట్ పూస, గ్రౌండ్‌కి 0.01 మైక్రోఫారడ్ వేస్తే చాలావరకు పోతుంది. చిప్‌లో వాచ్‌డాగ్ (హ్యాంగ్ అయితే దానంతటదే రీసెట్ చేసే టైమర్) ఆన్ చేసి ఉంచండి. ఆర్‌టీసీ ఉంటే రీసెట్ అయినా మళ్లీ సరైన వంతులోనే లేస్తుంది, లేకపోతే వాచ్‌డాగ్ ఉన్నా ఉపయోగం తక్కువ.

డబ్బా మీద "హ్యామ్ రేడియో ఫాక్స్ హంట్, ప్రమాదం లేదు" అని తెలుగులో, ఇంగ్లిష్‌లో పెద్దగా రాసి, కాల్‌సైన్, ఫోన్ నంబరు అంటించండి. వైర్లు, యాంటెన్నా, మెరిసే ఎల్ఈడీ ఉన్న పెట్టె పార్కు పొదలో కనబడితే చూసినవాళ్లు నేరుగా 100కి ఫోన్ చేస్తారు, అది వాళ్ల తప్పు కాదు. పార్కువాళ్లకు, స్థానిక స్టేషన్‌కి ముందుగా చెప్పి ఉంచండి. ప్రసారం జరిగేది మీ లైసెన్స్ మీద కాబట్టి ఆట సాగినంతసేపూ పెట్టెల్ని ఆపగలిగేంత దూరంలో లైసెన్స్ ఉన్నవాళ్లెవరైనా ఉండాలి.

ఆట ముందురోజు రాత్రి ఐదు పెట్టెలకూ డమ్మీ లోడ్లు తగిలించి, వరసగా పెట్టి, ఒకే రిసీవర్‌లో వినండి. టైమ్ పెట్టి వదిలేసి పొద్దున్నే మళ్లీ వినండి. ఒక ఫాక్స్ ఆగడానికి, తర్వాతిది మొదలవడానికి మధ్య ఖాళీ రెండు సెకన్ల దగ్గర్లోనే ఉంటే సంచీలో సర్దేయొచ్చు. ఏదో ఒక జంట మధ్య ఖాళీ మాయమైతే ఆ రెండింటిలో ఏది జారిందో ఫోన్ గడియారంతో చూసి, దాని బటన్ సెల్ వోల్టేజీ కొలవండి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.